పాత పశువైద్యశాల చరిత్ర రాయాలి, డాక్టర్ల పేర్లు తప్ప ఇంకేం రాయాలో చెప్పండి

కొత్తగా_చేరిన_వెట్

అందరికీ నమస్కారం. నేను పనిచేస్తున్న ప్రైవేటు పశువైద్యశాల చాలా పాతది. తాతగారు మొదలుపెట్టారు, కొడుకు నడిపారు, ఇప్పుడు మనవరాలు చూసుకుంటున్నారు. త్వరలో కొత్త భవనంలోకి మారుతున్నాం కాబట్టి ఒక చిన్న చరిత్ర పుస్తకం వేద్దామని మేడమ్‌కి ఆలోచన వచ్చింది. "నువ్వు బాగా రాస్తావు కదా, నువ్వే రాసెయ్" అని నా నెత్తిన పెట్టారు.

కూర్చుని రాస్తే వచ్చింది ఇదీ: ఫలానా సంవత్సరం ఫలానా డాక్టరుగారు స్థాపించారు, ఫలానా సంవత్సరం ఎక్స్‌రే యంత్రం కొన్నారు, ఫలానా సంవత్సరం ఫలానావారు రిటైరయ్యారు. పెళ్లి శుభలేఖకి ఇంకో నాలుగు పేజీలు అతికించినట్టుంది. నాకే చదవబుద్ధి కావడం లేదు.

సామాను సర్దుతుంటే వెనక గదిలో ఒక బీరువా తెరుచుకుంది. అందులో ఉన్నవి చెబుతాను, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. చెక్క పిడి ఉన్న ఇనప కడ్డీలు మూడు, చివర్లు ఒకదానికి గొడ్డలిలా, ఇంకోదానికి మొనలా ఉన్నాయి. ఇత్తడి పంపు ఒకటి, దానికి రబ్బరు గొట్టం, మధ్యలో చిన్న డబ్బా, ఆ డబ్బాలో పాత దూది. పొడవాటి లోహపు గొట్టం, లోపల తోసే కడ్డీ. పశువు పొట్ట ఉబ్బితే పొడిచి గాలి తీసే ట్రోకార్, కాన్యులా మాత్రం గుర్తుపట్టాను. అడుగున గాజు సీసాలు, కొన్నిటికి లేబుళ్లు లేవు. ఒక రేకు పెట్టెలో రబ్బరు మూతల చిన్న వయల్స్, లోపల తెల్లటి బిళ్లలాంటిది. ఒకదాని మీద "రిండర్‌పెస్ట్" అని చదవగలిగాను.

ఇంకా రిజిస్టర్లు. మొదటి వాటినిండా గుర్రాలే. తర్వాత్తర్వాత ఆవులు, గేదెలు. ఇప్పుడు మా దగ్గరికి వచ్చేవి దాదాపు అన్నీ కుక్కలూ పిల్లులే. ఈ వస్తువుల ఫొటోలు వేసి కింద పేర్లు రాస్తే సరిపోతుందా, లేక వీటితో ఏమైనా కథ చెప్పొచ్చా?

---

రిటైర్డ్_పశువైద్యుడు

అమ్మా, మీ దగ్గర కథ అంతా ఉంది. మీరు రాసిన నాలుగు పేజీలూ పక్కన పెట్టి ఆ రిజిస్టర్లు ముందేసుకోండి. డాక్టర్ల పేర్లు గోడమీద ఫొటోల కింద ఎలాగూ ఉంటాయి. ఆసుపత్రి ఎవరివల్ల బతికిందో రిజిస్టరు చెబుతుంది. మొదట గుర్రం పోషించింది, తర్వాత పాడి పోషించింది, ఇప్పుడు కుక్క పోషిస్తోంది. ఇది మీ ఒక్క ఆసుపత్రి సంగతి కాదు, ప్రపంచంలో చాలాచోట్ల ఇదే వరస.

మా వృత్తి చదువు మొదలైందే అలా. మొట్టమొదటి పశువైద్య కళాశాల ఫ్రాన్స్‌లో లియోన్ నగరంలో పెట్టారు. 1761లో అనుమతి వచ్చింది, మరుసటి ఏడాది తరగతులు మొదలయ్యాయి. పెట్టింది క్లాడ్ బూర్జెలా. ఆయన న్యాయవాది, గుర్రపుస్వారీ నేర్పే అకాడమీకి అధిపతి. రాజుగారి ప్రభుత్వం డబ్బిచ్చింది మాత్రం పశువుల మీద ప్రేమతో కాదు, రిండర్‌పెస్ట్ అనే పశువుల అంటురోగం మందలకు మందలని తుడిచిపెడుతోందని. అంటే పుట్టుక పశువుల రోగం పేరు మీద, పెంపకం గుర్రపువాళ్ల చేతిలో. లండన్‌లో 1791లో పెట్టిన కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ సెయిన్‌బెల్ కూడా ఫ్రెంచివాడే. ఎక్లిప్స్ అనే పేరుమోసిన పందెపు గుర్రం చచ్చిపోతే దాన్ని కోసి, ఎముకలు కొలిచి పేరు తెచ్చుకున్నాడు. కళాశాల పెట్టిన రెండేళ్లకే పోయాడు. గుర్రాల నుంచి గ్లాండర్స్ అనే రోగం అంటుకుందని అప్పట్లోనే అనుకున్నారు.

ఇక మీ బీరువా. ఆ చెక్క పిడి కడ్డీలు వాతలు పెట్టేవి. గుర్రం ముందుకాలి స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకి కట్టే నరం, వాచి కుంటితే, కడ్డీని ఎర్రగా కాల్చి చర్మం మీద గీతలు గీతలుగా పెట్టేవాళ్లు. మొన ఉన్నదానితో చుక్కలు పెట్టేవాళ్లు. నొప్పి మీద నొప్పి పెడితే రక్తం పారి లోపలి గాయం మానుతుందని నమ్మకం. తర్వాత గుర్రాన్ని నెలల తరబడి కట్టేసేవాళ్లు. అది కోలుకునేది, పేరు వాతకి వచ్చేది. 1980ల మొదట్లో ఇంగ్లండులో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంవాళ్లు పరీక్షలు చేసి వాత వల్ల స్నాయువుకి ఒరిగేదేమీ లేదని తేల్చారు. బాగుచేసింది విశ్రాంతే. పుస్తకంలో ఆ ఫొటో వేయండి. సిగ్గుపడాల్సిన పని లేదు, అందరూ చేశారు.

తోసే కడ్డీ ఉన్న గొట్టం మాత్రలు మింగించే గన్. ఇప్పటి మాత్రలు కావు, కోడిగుడ్డంత ఉండలు. మందులన్నీ ఆసుపత్రిలోనే నూరి, కలిపి, ఉండలు చుట్టి, కాగితంలో పెట్టి ఇచ్చేవాళ్లు. వచ్చి చూసినందుకు డబ్బివ్వడానికి రైతుకి మనసొప్పేది కాదు, సీసానిండా మందు కనబడితే ఇచ్చేవాడు. అందుకే పాత రిజిస్టర్లలో ఫీజు అన్న గడి ఖాళీగా ఉండి, మందు అన్న గడి నిండి ఉంటుంది. మీవాటిలో చూసి చెప్పండి.

ఇత్తడి పంపు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మీ బీరువాలో అన్నిటికంటే విలువైనది అదే. దాని గురించి విడిగా రాస్తాను, ఇప్పుడు కళ్లు నొప్పెడుతున్నాయి.

---

కొత్తగా_చేరిన_వెట్

సార్, చూశాను. అచ్చం మీరన్నట్టే ఉంది. "మందు" గడి నిండి ఉంది, "విజిట్" గడిలో అక్కడక్కడా అంకెలు. చాలాచోట్ల "బాకీ" అని రాసి ఉంది, దాని కింద గీత కొట్టలేదు! పంపు కోసం ఎదురుచూస్తుంటాను.

---

శాలిహోత్ర

అందరూ ఫ్రాన్స్ దగ్గర మొదలుపెడతారు, ఇదేం పద్ధతండీ. మనకి శాలిహోత్రుడు లేడా, అశోకుడు పశువుల ఆసుపత్రులు కట్టించలేదా? చరిత్ర అక్కడ మొదలుపెట్టాలి.

---

రిటైర్డ్_పశువైద్యుడు

శాలిహోత్రుడి పేరుమీద ఉన్న అశ్వశాస్త్రాన్ని ఎవరూ కాదనరు. పాలకాప్యుడి పేరుమీద ఏనుగుల వైద్యమూ ఉంది. ఈజిప్టులో కాహున్ దగ్గర దొరికిన పశువైద్యపు పపైరస్ అయితే దాదాపు నాలుగువేల ఏళ్లనాటిది. అశోకుడి రెండో శిలాశాసనంలో మనుషులకీ పశువులకీ రెండు రకాల చికిత్స ఏర్పాటు చేశానని, మూలికలు లేనిచోట తెప్పించి నాటించానని ఉంది. ఆసుపత్రి భవనం కట్టించానన్న మాట అందులో లేదు. తర్వాతివాళ్లు కలిపారు. ఉన్నదే గొప్పది, లేనిది కలిపి దాన్ని ఎందుకు చిన్నబుచ్చాలి?

ఈ అమ్మాయి రాసేది ఒక ఆసుపత్రి చరిత్ర. మొదటి పేజీ అశోకుడితో మొదలుపెడితే ఆ తాతగారు పదో పేజీకి గానీ రారు.

సరే, పంపు.

ఈనిన మర్నాడు ఆవు లేవదు. మెడ ఒక పక్కకు తిప్పి తల డొక్క మీద పెట్టుకుని పడి ఉంటుంది. చెవులు ముట్టుకుంటే చల్లగా తగులుతాయి, ముట్టె తడి ఆరిపోయి ఉంటుంది, పేడ పడదు, కడుపు మెల్లగా ఉబ్బుతుంది. వదిలేస్తే గంటల్లో స్పృహ పోయి చచ్చిపోతుంది. అది కూడా ఎప్పుడూ మందలో ఎక్కువ పాలిచ్చే ఆవే అవుతుంది. పాలజ్వరం. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ జబ్బు తగిలిన ఆవుల్లో సగానికి పైగా పోయేవి. నెత్తురు తీశారు, మంచుగడ్డలు పెట్టారు, భేది మందులు పోశారు, వెన్నుమీద ఆవాల పట్టీలు వేశారు. ఏదీ పనిచేయలేదు.

1897లో డెన్మార్కులో కోల్డింగ్ అనే ఊళ్లో ప్రాక్టీసు చేస్తున్న యుర్గెన్ ష్మిట్ అనే పశువైద్యుడు, విషమేదో పొదుగులో పుడుతోందని అనుకుని పొటాషియం అయోడైడ్ నీళ్లు చనుమొనల గుండా పొదుగులోకి ఎక్కించాడు. ఆవులు లేచాయి! కొన్నాళ్లకి ఇంకో డెన్మార్కువాడు అసలు మందెందుకని ఒట్టి ఆక్సిజన్ ఎక్కించి చూశాడు. ఇంకా బాగా లేచాయి. ఆ తర్వాత మామూలు గాలే చాలని తేలింది. మీ చేతిలో ఉన్నది ఆ పంపు. మధ్యలో డబ్బాలో దూది ఎందుకంటే గాలి వడకట్టడానికి, లేకపోతే పొదుగువాపు వస్తుంది. నాలుగు చనుమొనల్లోనూ గాలి నింపి, బయటికి పోకుండా పట్టీ చుట్టి, పొదుగుని బాగా మర్దన చేసేవాళ్లు.

చూడండి, ఆయన కారణం తప్పుగా అనుకున్నాడు, వైద్యం సరిగ్గా తగిలింది. పొదుగులో విషం లేదు. ఈనగానే పాలలోకి కాల్షియం ఒక్కసారిగా దిగిపోయి రక్తంలో తగ్గిపోతుంది, కండరాలు పనిచేయవు. గాలి ఒత్తిడికి పాలు ఊరడం ఆగి కాల్షియం రక్తంలోనే నిలుస్తుంది. ఈ సంగతి 1925లో ఎడిన్‌బరోలో డ్రైర్, గ్రేగ్ అనే ఇద్దరు బయటపెట్టారు. దాదాపు ముప్పై ఏళ్లు మా వృత్తి మొత్తం, ఎందుకు పనిచేస్తోందో తెలియకుండానే ఆవుల్ని బతికించింది.

తర్వాత కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసాలు వచ్చాయి, పంపు బీరువాలోకి పోయింది. నేను చేసిందంతా సీసాతోనే. మెడ నరంలోకి సూది పెట్టి, సీసా తలకిందులుగా పట్టుకుని, రెండో చేత్తో స్టెతస్కోపు గుండె మీద పెట్టుకుని, మెల్లగా ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగిపోతుంది. సీసా సగం అయ్యేసరికి తొడ కండరాలు వణుకుతాయి. ముట్టె మీద చెమట చుక్కలు మొలుస్తాయి. గట్టిగా ఒక త్రేన్పు. పేడ వేస్తుంది. ఆ పేడ పడితే చాలు, ఇక మనం జరగాలి, ఎందుకంటే అది లేవబోతోంది, లేచేటప్పుడు ఎవర్ని తొక్కుతుందో చూసుకోదు. అరగంట క్రితం చచ్చిందనుకున్న ఆవు నడుచుకుంటూ తొట్టి దగ్గరికి పోతుంది. పశువైద్యుడు దేవుడిలా కనబడే జబ్బు ఇదొక్కటే అనుకుంటాను. మిగతావాటికి మనం మామూలు మనుషులమే.

మీ రిజిస్టర్లో "పాలజ్వరం, గాలి" అన్న రాత ఎప్పుడు ఆగి "కాల్షియం" అన్న రాత ఎప్పుడు మొదలైందో చూడండి. ఆ తేదీ దొరికితే, కొత్త విషయం మీ తాతగారి దాకా ఎన్నేళ్లకి చేరిందో తెలుస్తుంది. భవనం ఎప్పుడు కట్టారన్నదానికన్నా అది మంచి చరిత్ర.

---

కాంపౌండర్_కూతురు

నేను డాక్టర్ని కాను, కానీ ఈ టాపిక్ చూసి ఆగలేకపోయాను. మా నాన్న ఒక పశువైద్యశాలలో కాంపౌండర్. పైన సార్ చెప్పిన ఉండలు, పొట్లాలు అన్నీ మా నాన్నే చేసేవారు. డాక్టరుగారు చీటీ రాస్తే నాన్న కల్వంలో నూరేవారు. ఇంటికొచ్చేసరికి చొక్కాకి కర్పూరం, ఇంగువ, ఫినాయిల్ కలిసిన వాసన. మా అమ్మ ఆ చొక్కా విడిగా ఉతికేది.

పశువుని పడేయడం కూడా నాన్న పనే. ఇప్పుడు ఒక ఇంజెక్షన్‌తో గుర్రం నిలబడే మత్తులోకి పోతుంది. అప్పుడు తాళ్లు. ఎక్కడ ముడి వేస్తే, ఎటు లాగితే ఎద్దు దెబ్బ తగలకుండా పక్కకి ఒరుగుతుందో నాన్నకి తెలుసు. డాక్టర్లు మారేవారు, తాడు పట్టేవాడు మాత్రం నాన్నే. కొత్తగా వచ్చిన డాక్టరుకి మొదటి ఏడాది పని నేర్పింది ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు గానీ, అందరికీ తెలుసు.

కొత్తగా చేరిన మేడమ్‌గారూ, మీ జాబితాలో కాంపౌండర్, అటెండర్ పేర్లు ఉన్నాయా? రాత్రిపూట తలుపు కొడితే లేచి, ఏ జబ్బో అడిగి, డాక్టరుగారిని లేపాలా, పొద్దున దాకా ఆగొచ్చా అని తేల్చిన ఆ ఇంటి ఇల్లాలి పేరు ఉందా? ఆవిడకి జీతం ఉండదు కాబట్టి ఏ పుస్తకంలోనూ ఉండదు.

---

కొత్తగా_చేరిన_వెట్

అక్కా, లేవు. ఒక్క పేరు కూడా లేదు. మేడమ్‌ని అడిగితే వాళ్ల నాయనమ్మగారు ఫోన్ పక్కన పలక పెట్టుకుని రాసేవారని చెప్పారు. జీతాల పుస్తకం వెతుకుతున్నాను, అటెండర్ల పేర్లు అందులో ఉండాలి.

సార్, గాలి నుంచి కాల్షియానికి మారిన చోటు దొరికింది! కాకపోతే ఒక్కసారిగా మారలేదు. కొన్ని పేజీల్లో రెండూ ఉన్నాయి. "కాల్షియం, ఆపై గాలి కూడా" అని ఉంది.

---

రిటైర్డ్_పశువైద్యుడు

అదీ! ఆ "గాలి కూడా" అన్న మాటని వదలకుండా పుస్తకంలో పెట్టండి. కొత్త సీసా మీద ఆయనకి ఇంకా నమ్మకం కుదరలేదు, పాతది వదలడానికి ధైర్యం చాలలేదు. పుస్తకాల్లో మందులు ఒక సంవత్సరంలో మారిపోతాయి, ప్రాక్టీసులో ఇలా మారతాయి.

కాంపౌండర్ కూతురిగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మత్తు ఇంజెక్షన్ జైలజీన్ 1962లో జర్మనీలో తయారైంది, అదీ మనుషుల రక్తపోటుకి పనికొస్తుందేమోనని. మనుషులకి పనికిరాలేదు, పశువులకి వరమైంది. అంతకుముందు బలం ఉన్నవాడిదే శస్త్రచికిత్స. ఆడవాళ్లు ఈ పని చేయలేరన్నదానికి చెప్పిన సాకు కూడా అదే.

అదీ చెప్పేస్తాను. అలీన్ కస్ట్ అనే ఐర్లండు అమ్మాయి ఎడిన్‌బరోలో పశువైద్యం చదివి 1900 నాటికి పూర్తిచేసింది. చివరి పరీక్ష రాసి సభ్యత్వం తీసుకోవడానికి బ్రిటన్‌లో పశువైద్యులకి పట్టాలిచ్చే రాయల్ కాలేజీ ఒప్పుకోలేదు, ఆడమనిషి అని. ఆవిడ ఐర్లండ్‌లో రాస్‌కామన్ వెళ్లి పట్టా లేకుండానే ప్రాక్టీసు చేసింది. ఆడవాళ్లని వృత్తుల నుంచి దూరం పెట్టకూడదని 1919లో చట్టం వచ్చాక, 1922లో ఆవిడకి పట్టా ఇచ్చారు. ఇరవై రెండేళ్లు రైతులకి లేని అభ్యంతరం కాలేజీకి ఉండిపోయింది. మీ మేడమ్ మొదట్లో వెళ్లినప్పుడు రైతులు ఏమన్నారో, వాళ్ల నాన్నగారు ఏమన్నారో అడగండి. మంచి పేజీ వస్తుంది.

---

వ్యాక్సిన్_ల్యాబ్

అన్నీ బాగున్నాయి కానీ ఎవరూ ఆ రేకు పెట్టె గురించి మాట్లాడటం లేదేంటి? మేడమ్, ఆ రిండర్‌పెస్ట్ వయల్స్ తెరవకండి, పారేయకండి, ప్రదర్శనలో అసలు పెట్టకండి. ముందు మీ పశుసంవర్ధక శాఖవాళ్లకి తెలియజేయండి. ఎందుకో చెబుతాను, అది మీ చరిత్రలో కూడా పనికొస్తుంది.

రిండర్‌పెస్ట్ అంటే పాతవాళ్లు ముసర అని, పెద్దరోగం అని అనేవారు. కళ్లలో నీరు, నోట్లో తవుడు చల్లినట్టు పుండ్లు, తర్వాత కంపుకొట్టే విరేచనాలు, వారం పది రోజుల్లో చావు. ఆఫ్రికాలో 1880ల చివర్లో వచ్చి 1890లలో పాకినప్పుడు పశువుల్లో అత్యధిక భాగం పోయాయి, ఇథియోపియాలో మనుషులు ఆకలితో చచ్చారు. 1920లో ఇండియా నుంచి బ్రెజిల్‌కి పంపిన మూపురం పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దిగాయి. వాటితో రోగం యూరప్‌లోకి మళ్లీ వచ్చింది. ఆ భయంతోనే 28 దేశాలు కలిసి 1924 జనవరిలో పారిస్‌లో ఇప్పటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థని పెట్టుకున్నాయి.

టీకా సంగతి. హిమాలయాల్లోని ముక్తేశ్వర్ ప్రయోగశాలలో 1920లలో ఎడ్వర్డ్స్ వైరస్‌ని మేకల్లో పదేపదే ఎక్కించి బలం తగ్గించాడు. ఆ టీకా లక్షల పశువుల్ని కాపాడింది గానీ కొన్ని జాతులకి పడేది కాదు, టీకాకే జ్వరం పట్టుకుని పడిపోయేవి. 1960 ప్రాంతంలో కెన్యాలో వాల్టర్ ప్లౌరైట్ దూడ మూత్రపిండపు కణాల్లో పెంచి తయారుచేసిన టీకా వచ్చాక దారి సుగమమైంది. అన్ని జాతులకీ పడింది, ఒక్క డోసుతో జీవితాంతం రక్షణ. మీ వయల్లో తెల్లటి బిళ్ల గడ్డకట్టించి ఆరబెట్టిన టీకా. చల్లటి సెలైన్‌తో కలిపి, ఐసు పెట్టెలోనే ఉంచి, ఆ పూటే వాడేయాలి. మిగిలింది పారబోయాలి. ఎండలో మందల దగ్గరికి ఐసు మోసుకెళ్లడం ఎంత తంటానో వెళ్లినవాళ్లకే తెలుసు. వేడికి తట్టుకునే రకం తర్వాత వచ్చింది.

2011లో రిండర్‌పెస్ట్ భూమ్మీద లేదని ప్రకటించారు. మనిషి పూర్తిగా లేకుండా చేసిన రోగాలు రెండే, మశూచి, ఇది. ఆ రోజు నుంచి లెక్క మారిపోయింది. ఇప్పుడు ఆ వైరస్ ఉండేది ప్రయోగశాలల్లోనే, అది కూడా అనుమతి ఉన్న కొన్నిటిలోనే. మిగతా చోట్ల ఉన్న నిల్వలు నాశనం చేయాలని లేదా అప్పగించాలని దేశాలు ఒప్పుకున్నాయి. పాత టీకా సీసాలు కూడా ఆ కిందికే వస్తాయి, ఎందుకంటే లోపల ఉన్నది బలం తగ్గించిన బతికున్న వైరసే. ఇన్నేళ్లు మామూలు బీరువాలో ఉన్నదాంట్లో వైరస్ బతికుండే అవకాశం బహుశా లేదు. అయినా ఆ మాట మీరో నేనో చెప్పకూడదు, వాళ్లు తేల్చాలి.

ఇంకో మాట. రిజిస్టర్లో ఆ రోగం చివరిసారి ఎప్పుడు కనబడిందో వెతకండి. ఆ రోజు రాసినవాళ్లకి అదే చివరిదని తెలిసి ఉండదు.

---

రిటైర్డ్_పశువైద్యుడు

ల్యాబ్‌గారూ, మంచి పని చేశారు. నేను పంపు మోజులో పడి ఆ పెట్టె దాటేశాను. లేబుల్ లేని సీసాల గురించి కూడా అదే మాట. ఆ కాలపు పశువుల మందుల గదిలో ఆర్సెనిక్, స్ట్రిక్నిన్, పాదరసపు లవణాల్లాంటి విషాలు మామూలు సరుకు. వాసన చూడొద్దు, సింకులో పోయొద్దు.

---

కొత్తగా_చేరిన_వెట్

అయ్య బాబోయ్. వయల్స్ పెట్టెకి తాళం వేశాం, మేడమ్ ఇప్పుడే జిల్లా ఆఫీసుకి ఫోన్ చేశారు. సీసాలు కూడా అలాగే ఉంచాం.

ఒక సందేహం. మూడో తరం గురించి ఏం రాయాలి? కుక్కలు, పిల్లులు, టీకాలు. నాకు రోజూ చేసే పని కాబట్టి అందులో చరిత్రేముందో తెలియడం లేదు.

---

రిటైర్డ్_పశువైద్యుడు

చాలా ఉంది. ట్రాక్టరు, మోటారు వచ్చి గుర్రం పోయినప్పుడు మా వృత్తే మూతపడుతుందని అనుకున్నారు. పెద్ద డాక్టర్లు కుక్కని చూడటం నామోషీగా భావించిన రోజులవి. లండన్‌లో మరియా డికిన్ అనే ఆవిడ 1917లో పేదల పెంపుడు జంతువులకి ఉచితంగా వైద్యం చేయించే చోటు తెరిచిందంటే, మావాళ్లు ఆ జనాన్ని, ఆ జంతువుల్ని పట్టించుకోలేదు కాబట్టే. కుక్కల డిస్టెంపర్ అనే అంటురోగానికి టీకా కోసం 1920లలో ఇంగ్లండులో లెయిడ్లా, డంకిన్ చేసిన పరిశోధనకి డబ్బు వేటకుక్కలవాళ్లూ, పత్రికా పాఠకులూ చందాలేసుకుని ఇచ్చారు.

మీ రిజిస్టర్లో 1978 తర్వాతి పేజీలు తీయండి. అప్పటిదాకా ఎవరూ చూడని జబ్బు, కుక్కపిల్లలు రక్తం విరేచనం చేసుకుని రెండు రోజుల్లో పోవడం. పార్వో. రెండేళ్లలో ప్రపంచమంతా పాకింది. పిల్లుల్లో ఉండే ఒక వైరస్‌కి దగ్గరి చుట్టం అది, అందుకని కుక్కల టీకా వచ్చేదాకా చాలాచోట్ల పిల్లుల టీకానే కుక్కలకి వేశారు. మీ పాత డాక్టరుగారు పిల్లుల టీకా ఎక్కువగా తెప్పించి ఉంటే, అదెందుకో ఇప్పుడు మీకు తెలిసింది.

ఇంకోటి. ఆంబోతు లేకుండా ఆవుని చూలు చేసే కృత్రిమ గర్భోత్పత్తి సూదులు మొదలైన పేజీలు కూడా చూడండి. 1949లో పోల్జ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త బృందం గ్లిజరాల్ కలిపితే వీర్యం గడ్డకట్టినా బతుకుతుందని కనుక్కుంది, అది కూడా లేబుల్ తారుమారైన సీసా వల్ల అంటారు. ఆ తర్వాతే వీర్యాన్ని గడ్డకట్టించి దాచే నైట్రోజన్ డబ్బా, వీర్యం నింపే స్ట్రాలనే సన్నటి గొట్టాలు. ఆంబోతు ఊళ్లోకి రానవసరం లేకుండా పోయింది, డాక్టరు రావలసిన అవసరం పెరిగింది. రెండో తరానికి తిండి పెట్టింది చాలావరకు అదే అయ్యుంటుంది.

---

పాత_కాగితాలు

రిజిస్టర్ల పేజీలు పుస్తకంలో వేస్తే యజమానుల పేర్లు, బాకీలు కనబడకుండా చూడండి. ఎవరి తాతగారు డబ్బెగ్గొట్టారో ఇప్పుడు అచ్చేస్తే గొడవవుతుంది. పేజీల్ని గట్టిగా విప్పి స్కానర్ మీద ఒత్తొద్దు, కుట్లు తెగుతాయి. కిటికీ వెలుతుర్లో ఫోన్‌తో పైనుంచి తీస్తే చాలు. ఇనప సిరా వాడిన పేజీలు పెళుసుగా ఉంటాయి, ముందు అవి తీయండి.

---

కొత్తగా_చేరిన_వెట్

సరేనండి, పేర్ల మీద కాగితం పెట్టి ఫొటోలు తీస్తాను. జీతాల పుస్తకం దొరికింది, అటెండర్ల పేర్లు ఉన్నాయి. ఒకాయన మూడు తరాల దగ్గరా పనిచేశారు, ఇప్పుడు ఇంటిదగ్గరే ఉంటున్నారని మేడమ్ చెప్పారు. ఆదివారం ఆయన దగ్గరికి పంపు, కడ్డీల ఫొటోలు తీసుకెళ్తున్నాం. కాంపౌండర్ అక్కా, ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలేమైనా ఉంటే శనివారంలోపు ఇక్కడ రాయండి.

---

కాంపౌండర్_కూతురు

తాడు ముడి చూపించమనండి. చేత్తో వేసి చూపిస్తుంటే వీడియో తీయండి, నోటితో చెబితే అర్థం కాదు. ఏ డాక్టరు చేతి రాత చదవలేక తిప్పలు పడ్డారో కూడా అడగండి.